డోపమైన్ ఒక్కటే, దారులు వేరు

రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయిన రోగికి ఐసీయూలో డోపమైన్ ఎక్కించడం ఉంది. సిరలోకి, పంపుతో, శరీర బరువులో కిలోకు నిమిషానికి 5 నుంచి 20 మైక్రోగ్రాముల చొప్పున. గుండె బలంగా కొట్టుకుంటుంది, మోతాదు పెరిగే కొద్దీ రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పైకి వస్తుంది. ఆనందం మాత్రం కలగదు. ఫోన్‌లో లైక్ పడగానే వచ్చే ‘డోపమైన్ హిట్’ గురించి రోజూ వింటున్నవాళ్లకు ఇది వింతగా తోచాలి. ఆనంద రసాయనమని పేరుపడ్డ పదార్థం గంటల తరబడి నేరుగా రక్తంలోకి వెళ్తున్నా మనసుకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఈ రక్త-మెదడు అవరోధాన్ని డోపమైన్ దాటలేదు. తనకు కావలసిన డోపమైన్‌ను మెదడు తానే తయారు చేసుకుంటుంది, తయారైన చోటు నుంచి కొన్ని నిర్ణీత ప్రాంతాలకే పంపుతుంది. ఆ ప్రాంతాలను కలిపే నాడీతంతువుల కట్టలే డోపమైన్ దారులు. ‘డోపమైన్ ఏం చేస్తుంది?’ అని అడిగితే నిపుణులు నసగడానికి కారణం కూడా ఇదే. ఏ దారిలో, ఏ క్షణంలో అన్నది తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

తయారీ నుంచి తిరిగి లోపలికి పీల్చుకోవడం దాకా

ముడిసరుకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఎల్-డోపాగా మారుస్తుంది, డోపా డీకార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఎల్-డోపాను డోపమైన్‌గా మారుస్తుంది. రెండో మెట్టు చకచకా జరిగిపోతుంది. నెమ్మదిగా నడిచేది మొదటిదే, మొత్తం ఉత్పత్తి దాని చేతిలో ఉంటుంది. మామూలుగా తిండి తినేవారిలో ఆ ఎంజైమ్‌కు టైరోసిన్ కొరత ఉండదు కాబట్టి, టైరోసిన్ ఇంకా ఎక్కువ తింటే డోపమైన్ ఆ లెక్కన పెరిగిపోదు. ఎల్-డోపా సంగతి వేరు. అది ఆ ఇరుకు మెట్టు దాటేసిన సరుకు, పైగా రక్త-మెదడు అవరోధాన్ని కూడా దాటగలదు. వణుకు, బిగుతు తెచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు ప్రధాన చికిత్స ఈ రెండు సౌకర్యాల మీదే నిలబడింది.

తయారైన డోపమైన్‌ను నాడీకణం చిన్న తిత్తుల్లోకి పంపు చేసి దాచుకుంటుంది. తిత్తుల బయట మిగిలిపోతే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది. సర్పగంధి వేరు నుంచి తీసే రెసర్పిన్ ఈ తిత్తుల పంపునే ఆపేస్తుంది. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే అవి చెవులు వాల్చి కదలక మెదలక కూర్చుండిపోయాయి. ఎల్-డోపా ఎక్కించాక కొద్దిసేపట్లోనే లేచి తిరిగాయి. అప్పటిదాకా డోపమైన్ అంటే నారడ్రినలిన్ అనే ఇంకో సంకేత రసాయనం తయారీలో మధ్యలో వచ్చే పదార్థం, అంతే. దానికి సొంత ఉద్యోగం ఉందని ఆ కుందేళ్లు చూపించాయి. 2000లో నోబెల్ పొందిన ముగ్గురిలో కార్ల్‌సన్ ఒకరు.

విద్యుత్ సంకేతం రాగానే తిత్తులు తెరుచుకుని డోపమైన్ బయటకు చిమ్ముతుంది. అది ఎదురుగా ఉన్న కణానికే పరిమితం కాదు. చుట్టుపక్కలకు పాకి, కణాల మీద సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లైన గ్రాహకాల్లో అందినవాటన్నిటినీ తాకుతుంది. తర్వాత డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రొటీన్ దాన్ని తిరిగి లోపలికి లాగేసుకుంటుంది. కొకైన్ ఈ ట్రాన్స్‌పోర్టర్‌కు అడ్డుపడుతుంది. యాంఫెటమిన్ ఇంకో అడుగు ముందుకేసి దాన్ని వెనక్కి తిప్పుతుంది, అంటే లోపలికి లాగాల్సిన యంత్రమే బయటకు తోడిపోస్తుంది.

గ్రాహకాలు ఐదు రకాలు, రెండు కుటుంబాలు. డి1, డి5 ఒక కుటుంబం. డి2, డి3, డి4 రెండోది. మొదటి కుటుంబం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. ఒకే డోపమైన్ చుక్క పక్కపక్కనే ఉన్న రెండు కణాల్లో ఒకదాన్ని ఉసిగొలిపి, ఇంకొకదాన్ని అణచగలదన్నమాట.

కణాలు కొన్నే, కొమ్మలు కోకొల్లలు

మనిషి మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వాటిలో డోపమైన్ తయారు చేసేవి ఐదు లక్షలకు అటూ ఇటూ. లక్షన్నరకు పైగా కణాలకు ఒక్కటి. అయితే ఒక్కో కణం తంతువు చెట్టులా విపరీతంగా కొమ్మలు వేస్తుంది. మనిషిలో ఒక్కో కణానికి పది లక్షలకు మించి అనుసంధానాలు ఉంటాయని అంచనా. ఇంత పెద్ద చెట్టును నిలబెట్టడానికి బోలెడంత శక్తి కావాలి. వయసు మీద పడినప్పుడు ఈ కణాలే ముందుగా దెబ్బతినడానికి ఈ ఖర్చు ఒక కారణమని చాలామంది పరిశోధకుల అనుమానం.

ఇవి రెండు తీరుల్లో పనిచేస్తాయి. ఏమీ జరగనప్పుడు సెకనుకు ఐదు సార్ల లోపు, నిదానంగా, గడియారంలా కొట్టుకుంటూ ఉంటాయి. విశేషం తటస్థించినప్పుడు సెకనుకు 20 లేదా అంతకు మించిన వేగంతో క్షణకాలం ఎగసిపడతాయి. మొదటిది నేపథ్యంలో సన్నటి ధార, రెండోది ఉన్నట్టుండి చిమ్మిన జల్లు. ‘డోపమైన్ పెరిగింది’ అనే మాట విన్నప్పుడు ఈ రెండిట్లో ఏది పెరిగిందన్నది చాలాసార్లు చెప్పరు. గందరగోళంలో సగం అక్కడే మొదలవుతుంది.

కదలికల దారి: నల్లమచ్చ నుంచి స్ట్రయేటమ్‌కు

మెదడును అడ్డంగా కోస్తే మధ్య మెదడులో కంటికే కనిపించే నల్లని పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరు సబ్‌స్టాన్షియా నైగ్రా, అంటే నల్లని పదార్థమనే అర్థం. డోపమైన్ తయారు చేసే కణాల్లో పేరుకునే న్యూరోమెలనిన్ వల్ల ఆ రంగు. అక్కడి నుంచి మెదడు లోతున ఉండే స్ట్రయేటమ్ అనే ప్రాంతపు పై భాగానికి వెళ్లేది నాలుగు ప్రధాన దారుల్లో అన్నిటికంటే పెద్దది.

గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాచే క్షణం తీసుకుందాం. స్ట్రయేటమ్ కూడా భాగమైన, మెదడు అడుగున ఉన్న బేసల్ గాంగ్లియా మామూలు వేళల్లో కదలికల మీద బ్రేకు నొక్కే ఉంచుతుంది. స్ట్రయేటమ్ నుంచి బయలుదేరే ‘నేరు మార్గం’ కావలసిన కదలిక మీద బ్రేకు వదులుతుంది. ‘చుట్టు మార్గం’ అక్కర్లేని కదలికల మీద బ్రేకు ఇంకా బిగిస్తుంది. నేరు మార్గపు కణాల మీద డి1 గ్రాహకాలు, చుట్టు మార్గపు కణాల మీద డి2 గ్రాహకాలు ఉంటాయి. డోపమైన్ వస్తే మొదటివి ఉత్సాహపడతాయి, రెండోవి తగ్గుతాయి. రెండు వైపుల నుంచీ కదలిక సులువవుతుంది. డోపమైన్ ఎండిపోతే అటు వదిలేవాడు బలహీనపడతాడు, ఇటు బిగించేవాడికి అడ్డు ఉండదు. గ్లాసు దాకా చెయ్యి వెళ్లడానికే యాతన అవుతుంది.

ఈ బొమ్మ పాఠ్యపుస్తకాలకు బాగుంటుంది. కానీ కదలిక మొదలయ్యే క్షణంలో రెండు మార్గాల కణాలూ కలిసే చురుకవుతాయని 2013లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. ఒకటి యాక్సిలరేటరు, ఇంకొకటి బ్రేకు అని పూర్తిగా విడగొట్టలేం. ఒకటి కావలసిన కదలికను ఎంచుతుంటే రెండోది పోటీ కదలికలను అదే సమయంలో పక్కకు నెడుతుందనే వివరణకు ఇప్పుడు మొగ్గు ఎక్కువ.

పార్కిన్సన్స్‌లో పోయేది ఈ దారే. వణుకు, బిగుతు బయటపడేసరికి నైగ్రాలోని డోపమైన్ కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయి. స్ట్రయేటమ్‌లో డోపమైన్ నష్టం అంతకంటే ఎక్కువే. మిగిలిన కణాలు ఎక్కువ పనిచేస్తూ లోటును చాలాకాలం కప్పిపెడతాయి.

ఈ కణాలనే ఏరి చంపే విషం 1982లో అనుకోకుండా బయటపడింది. కాలిఫోర్నియాలో హెరాయిన్ లాంటి కృత్రిమ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు కొద్ది రోజుల్లోనే ముదిరిన పార్కిన్సన్స్ రోగుల్లా కొయ్యబారిపోయారు. ఆ మందులో కల్తీగా చేరినది ఎంపీటీపీ. అది రక్త-మెదడు అవరోధాన్ని తేలిగ్గా దాటుతుంది. నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల్లోని మోనోఅమైన్ ఆక్సిడేజ్-బి దాన్ని ఎంపీపీ ప్లస్ అనే పదార్థంగా మారుస్తుంది. డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ దాన్ని డోపమైనే అనుకుని లోపలికి లాగుతుంది. లోపలికి పోయాక అది మైటోకాండ్రియా పనిని ఆపేస్తుంది, కణం శక్తి లేక చచ్చిపోతుంది. పొరుగు కణాలు బతికిపోవడానికి కారణం వాటికి ఆ ట్రాన్స్‌పోర్టర్ లేకపోవడమే.

బహుమతి దారి: అంచనాకూ అనుభవానికీ తేడా

నైగ్రాకు పక్కనే వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా ఉంది. పొడుగు పేరు కాబట్టి వీటీఏ అంటారు. అక్కడి నుంచి స్ట్రయేటమ్ కింది భాగంలోని న్యూక్లియస్ అకంబెన్స్‌కు వెళ్లేదే ‘హిట్’ గురించి మాట్లాడేవాళ్లు తలుచుకునే దారి.

కథ 1954లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో తీగలు అమర్చి, మీట నొక్కితే సన్నని విద్యుత్తు అందేలా చేశారు. ఎలుకలు ఆ మీటను వదల్లేదు. తీగ తగిలిన చోటుకు సుఖ కేంద్రమన్న పేరు వచ్చింది, డోపమైన్ సుఖ రసాయనమైంది. మీట నొక్కుతున్న ఎలుక సుఖపడుతోందా, నొక్కాలనే తపనలో చిక్కుకుందా అన్నది నొక్కిన సంఖ్యను బట్టి చెప్పలేం. ఆ తేడా తర్వాత దశాబ్దాల పరిశోధనకు విషయమైంది.

కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే పరిశోధకులు ఎలుకల డోపమైన్ తంతువులను దాదాపు పూర్తిగా నాశనం చేసి, నోట్లో తీపి నీళ్లు పోశారు. తీపి తగిలినప్పుడు ఎలుక పెదవులు నాకుతుంది, చేదుకు నోరు తెరిచి ఉమ్మేస్తుంది. డోపమైన్ లేని ఎలుకలు కూడా తీపికి పెదవులు నాకాయి. అయితే ఎదురుగా తిండి ఉన్నా లేచి వెళ్లి తినవు, తినిపించకపోతే ఆకలితో చచ్చిపోతాయి. ఇష్టం మిగిలింది, కావాలన్న తపన పోయింది. ఇష్టానికీ తపనకూ మెదడులో వేర్వేరు యంత్రాంగాలు ఉన్నాయన్నది వీళ్ల వాదన.

ఇంకో వాదం వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. దాన్ని 1997లో పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి ఆయన గణితంగా రాశారు. ఒక దీపం వెలుగుతుంది, కాసేపటికి కోతి నోట్లో పళ్లరసం పడుతుంది. మొదట్లో రసం పడ్డప్పుడు డోపమైన్ కణాలు ఎగిసిపడ్డాయి. అలవాటయ్యాక రసానికి చలించలేదు, దీపానికి ఎగిసిపడ్డాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణానికి సరిగ్గా మౌనం వహించాయి.

దీన్ని చిన్న లెక్కలో చూడొచ్చు. రసం విలువ 10 అనుకుందాం, ప్రతిసారీ కోతి మెదడు తన అంచనా తప్పులో సగం సరిదిద్దుకుంటుందనుకుందాం. మొదటిసారి అంచనా 0, వచ్చింది 10, తేడా +10. అంచనా 5కు పెరిగింది. రెండోసారి తేడా +5, అంచనా 7.5. మూడోసారి తేడా +2.5, అంచనా 8.75. నాలుగోసారి తేడా +1.25, అంచనా 9.375. ఐదోసారి రసం ఆపేశాం. తేడా మైనస్ 9.375. ఈ సిద్ధాంతం ప్రకారం డోపమైన్ జల్లు మోసేది రసం విలువైన 10ని కాదు, ఆ తేడాని. నాలుగుసార్లూ రసం అదే, జల్లు మాత్రం పదికి ఎనిమిదో వంతుకు పడిపోయింది. ఇక్కడొక ఆచరణ సమస్య ఉంది. సెకనుకు ఐదు సార్లు కొట్టుకునే కణం 20కి ఎగరగలదు గానీ 0 కిందికి దిగలేదు. మైనస్ 9కీ మైనస్ 3కీ తేడాను మౌనం లోతుతో చెప్పలేక, మౌనం ఎంతసేపు సాగిందన్న దానితో చెబుతుందని ఒక వివరణ.

ఈ లెక్కకు అన్నీ అమరవు. కోతి ముఖం మీద గాలి ఊదినా ఎగిసిపడే డోపమైన్ కణాలు ఉన్నాయని మసయుకి మత్సుమొతో, ఒకిహిదె హికొసకా 2009లో చూపించారు. అది బహుమతి కానే కాదు. ‘ఇది పట్టించుకోవలసిన విషయం’ అన్న సంకేతం కూడా కొన్ని కణాలు పంపుతున్నట్టుంది. శ్రమకు సిద్ధపడటంలో డోపమైన్ పాత్రే అసలైనదని వాదించేవారూ ఉన్నారు. తేలిగ్గా దొరికే కొద్దిపాటి తిండి, అడ్డుగోడ ఎక్కితే దొరికే ఎక్కువ తిండి పెడితే, మామూలు ఎలుక గోడ ఎక్కుతుంది. అకంబెన్స్‌లో డోపమైన్ తగ్గించిన ఎలుక తేలికైన దాని వైపు తిరుగుతుంది. నా ఉద్దేశంలో ఈ మూడు వాదాలు పూర్తిగా పరస్పర శత్రువులు కావు. ఒకటి క్షణకాలపు జల్లును, మిగిలినవి ఎక్కువగా నిదానపు ధారను చూస్తున్నాయి.

ముందు మెదడు దారి, పాల దారి

వీటీఏ నుంచే నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు ఇంకో దారి పోతుంది. ఫోన్ నంబరు నొక్కేదాకా తలలో నిలుపుకోవడం లాంటి పనులకు అది అవసరం. అక్కడ డోపమైన్ తక్కువైనా చెరుపే, ఎక్కువైనా చెరుపే. మధ్యస్థంగా ఉన్నప్పుడే పని బాగా సాగుతుంది. అక్కడ ట్రాన్స్‌పోర్టర్లు తక్కువ కాబట్టి, శుభ్రం చేసే పనిలో కామ్ట్ అనే ఎంజైమ్ వాటా ఎక్కువ.

నాలుగోది పొట్టి దారి. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ నుంచి బయలుదేరి, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి రక్తం తీసుకెళ్లే నాళాల దగ్గర ఆగుతుంది. అక్కడ చిమ్మిన డోపమైన్ పాల ఉత్పత్తికి కావలసిన ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ను ఎప్పుడూ అణచి ఉంచుతుంది. ఇక్కడ డోపమైన్ అచ్చంగా బ్రేకు. ప్రోలాక్టిన్ చేసే పిట్యూటరీ కంతులను చాలామందిలో కత్తి లేకుండా, డోపమైన్‌ను అనుకరించే కాబర్గోలిన్ మాత్రలతో కుదించగలగడం ఈ సంబంధం వల్లనే.

ఒక్క మాత్ర, అన్ని దారులూ

దారులు వేరన్నది మందుల దగ్గర బాగా తెలిసొస్తుంది. భ్రమలు, భ్రాంతులకు ఇచ్చే హాలోపెరిడాల్ డి2 గ్రాహకాలను మూసేస్తుంది. డాక్టరుకు కావలసింది స్ట్రయేటమ్‌లో హద్దు మీరిన డోపమైన్ సంకేతాన్ని తగ్గించడం. మాత్రకు దారులు తెలియవు, అన్నిచోట్లా మూస్తుంది. తొలిసారి జబ్బు పడ్డవారి మీద 2000లో ప్రచురితమైన పెట్ స్కాన్ (రేడియోధార్మిక పదార్థంతో మెదడును చిత్రించే పద్ధతి) అధ్యయనంలో మూడు గీతలు కనిపించాయి. డి2 గ్రాహకాల్లో సుమారు 65 శాతం మూసుకుంటే గుణం కనిపించే అవకాశం బాగా పెరిగింది. 72 శాతం దాటితే ప్రోలాక్టిన్ పెరగడం, 78 శాతం దాటితే వణుకు, బిగుతు మొదలయ్యాయి. గుణానికీ బిగుతుకూ మధ్య ఉన్న సందు 13 శాతం మాత్రమే. క్లోజపిన్ అనే మందు మాత్రం తరచు 65 కంటే తక్కువ దగ్గరే పనిచేస్తుంది. డి2 ఒక్కటే మొత్తం కథ కాదనడానికి అది సాక్ష్యం.

వాంతులకు వాడే రెండు మందుల పోలిక ఇంకా ముచ్చటైనది. మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ రెండూ డి2ను మూసేవే. వాంతి సంకేతాన్ని పసిగట్టే చోటు, పిట్యూటరీ రెండూ రక్త-మెదడు అవరోధానికి బయటే ఉన్నాయి. అందుకని రెండు మందులూ వాంతిని ఆపుతాయి, రెండూ ప్రోలాక్టిన్‌ను పెంచుతాయి. మెటోక్లోప్రమైడ్ అవరోధాన్ని దాటి స్ట్రయేటమ్‌నూ చేరుతుంది. కొందరిలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, ఉన్నట్టుండి మెడ మెలితిరగడం, కనుగుడ్లు పైకి లాక్కుపోవడం దాని వల్లే. డోంపెరిడోన్ పెద్దగా దాటదు కాబట్టి ఆ బెడద అరుదు, అయితే గుండె లయ విషయంలో దాని ప్రమాదం దానికుంది.

పార్కిన్సన్స్‌లో మొత్తం స్ట్రయేటమ్ సమానంగా ఎండదు. కదలికలు చూసే పై భాగం ముందుగా, ఎక్కువగా ఎండుతుంది. అకంబెన్స్ ఉన్న కింది భాగం తొలి ఏళ్లలో చాలావరకు తడిగానే ఉంటుంది. పై భాగానికి చాలేంత మందు ఇస్తే కింది భాగానికి అది మోతాదు మించిపోతుంది. ప్రామిపెక్సోల్ లాంటి డోపమైన్ అనుకరణ మందులు వాడే కొందరికి ఎన్నడూ లేని జూదపు పిచ్చి, కొనుగోళ్ల పిచ్చి పట్టడాన్ని ఇలా వివరిస్తారు. మూడు వేల పైచిలుకు రోగులతో 2010లో వచ్చిన అధ్యయనంలో, ఈ మందులు వాడేవారిలో 17 శాతం మందిలో అదుపు తప్పిన ప్రవర్తన కనిపించింది. వాడనివారిలో అది 7 శాతం.

‘డోపమైన్ ఉపవాసం’, శాతాల పట్టికలు

రోజంతా ఫోన్, తీపి, సంగీతం మానేస్తే డోపమైన్ ‘రీసెట్’ అవుతుందన్న మాట ప్రచారంలో ఉంది. ఒక్క రోజు మానేయడం వల్ల డోపమైన్ మట్టం గానీ గ్రాహకాల సంఖ్య గానీ మారినట్టు చూపిన కొలత లేదు. అలవాటును రేపే దీపం కంటికి దూరమైతే తపన తగ్గడం మాత్రం షుల్ట్జ్ కోతుల లెక్కకు సరిపోతుంది. ఉపవాసాన్ని సమర్థించేవారికి అంతవరకు ఆధారం ఉంది. కొకైన్‌కు బానిసలైనవారి స్ట్రయేటమ్‌లో డి2 గ్రాహకాలు తక్కువగా కనిపించడం నిజం, మానేసిన నెలల తర్వాత కూడా. అది మందు చేసిన నష్టమా, ముందే తక్కువ ఉన్నవారు బానిసలయ్యారా అంటే, కోతుల ప్రయోగాల్లో రెండూ కనిపించాయి. దాన్ని ఫోన్ వాడకానికి అలాగే అంటగట్టడానికి ఆధారం పలచన.

తిండికి ఇంత శాతం, నికోటిన్‌కు ఇంత, కొకైన్‌కు ఇంత అని తిరిగే పట్టికల్లోని అంకెలకు మూలం ఎక్కువగా ఎలుకలే. మెదడులోకి సన్నని గొట్టం దింపి, నిమిషాల తరబడి ద్రవం పోగుచేసి తీసిన సగటులు అవి. సెకనులో అయిదో వంతు ఉండే జల్లు ఆ సగటులో కరిగిపోతుంది. మనిషిలో నేరుగా కొలవడం ఇంకా కష్టం. 1998లో లండన్ పరిశోధకులు ఎనిమిది మంది పురుషులతో ట్యాంకు వీడియో గేమ్ ఆడిస్తూ పెట్ స్కాన్ తీశారు. రాక్లోప్రైడ్ అనే రేడియోధార్మిక పదార్థం డి2 గ్రాహకాల మీద కూర్చుంటుంది. శరీరం సొంత డోపమైన్ వచ్చి ఆ కుర్చీలు ఆక్రమిస్తే దానికి చోటు తగ్గుతుంది. స్ట్రయేటమ్ కింది భాగంలో దానికి దొరికిన చోటు సుమారు 13 శాతం తగ్గింది. ఎంత డోపమైన్ విడుదలైతే అన్ని కుర్చీలు నిండుతాయన్నది జంతువుల ఫలితాల నుంచి తెచ్చి వేసిన అంచనా. ‘వీడియో గేమ్‌తో డోపమైన్ రెట్టింపు’ అని తర్వాత ఊరంతా తిరిగిన వాక్యం ఆ అంచనా నుంచి పుట్టింది.